మొదటి జియు-జిట్సు పోటీ: ఒళ్లు 72 కేజీలు, పేరిచ్చింది 70లో. ఐదు వారాల్లో ఏం చేయాలి?

తిరుచానూరు_తెల్లబెల్ట్:

అన్నలకు నమస్తే. బెంగళూరులో ఇంకో ఐదు వారాల్లో గీ (జియు-జిట్సు ఆడే మందపాటి కోటు, ప్యాంటు) టోర్నమెంట్ ఉంది. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) రూల్స్ అని రాశారు. అడల్ట్ వైట్ బెల్ట్‌లో పేరిచ్చాను. వయసు 26, పొద్దున పరగడుపున తూగితే 72 కేజీలు. మాది తిరుపతిలో చిన్న హాలు. సిమెంటు నేల మీద 25 ఎంఎం పజిల్ మ్యాట్లు పరిచి ఆడతాం, అందుకే రోల్స్ (సాధన పోరులు) అన్నీ మోకాళ్ల మీద నుంచే మొదలవుతాయి.

70 కేజీల ఫెదర్ కేటగిరీలో పేరిచ్చాను కదా, ఆ రెండు కేజీలు ఎట్లా దించాలి? చివరి రెండ్రోజులు నీళ్లు మానేస్తే దిగిపోతుందని జిమ్‌లో చెప్తున్నారు. నిలబడి ఆడటం అసలు రాదు, ఈ కొద్ది టైంలో ఏది నేర్చుకోవాలి? స్టామినా కోసం వారానికి రెండుసార్లు అలిపిరి మెట్లు ఎక్కి దిగుతున్నా, అది సరిపోతుందా?

పీలేరు_పట్టు:

బరువు సంగతి ముందు తేల్చుకో తమ్ముడూ, నీ లెక్కలోనే తేడా ఉంది. ఆ 70 కేజీలు ఒళ్లు బరువు కాదు, గీ, బెల్టు వేసుకుని కాటా ఎక్కినప్పటి బరువు. మామూలు కాటన్ గీ బెల్టుతో కలిపి కేజీన్నర నుంచి రెండు కేజీలు ఉంటుంది. అంటే నువ్వు దించాల్సింది రెండు కాదు, నాలుగు కేజీల దాకా. పై కేటగిరీ లైట్, దాని హద్దు 76. గీతో నువ్వు 74 ఉంటావు. ఒక్క గ్రాము దించే పని లేకుండా హాయిగా సరిపోతావు. గీ లేని పోటీలకు అంకెలు వేరు: ఫెదర్ 67.5, లైట్ 73.5. టోర్నమెంట్ వాళ్లు సొంత పట్టిక పెట్టుకుని ఉంటే అది కూడా చూసుకో.

నీళ్లు మానేసే పద్ధతి ముందురోజే బరువు చూసే ఆటల నుంచి వచ్చింది. అక్కడ తూగిన తర్వాత తిరిగి తాగి, తిని కోలుకోవడానికి రాత్రంతా ఉంటుంది. ఇక్కడ మొదటి మ్యాచ్‌కి కాస్త ముందు ఒక్కసారే తూస్తారు, దాటితే అక్కడికక్కడే అవుట్. తూగి దిగిన కొద్ది నిమిషాలకే ఎండిపోయిన ఒంటితో మ్యాట్ ఎక్కాలి. పిక్కలు పట్టేస్తాయి, చేతి పట్టు రెండో నిమిషానికే జారిపోతుంది. అసలు ప్రమాదం అంతకంటే పెద్దది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇట్లా చెమటపట్టించి బరువు దించుకుంటూనే చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ రూల్స్ మార్చారు. వినేశ్ ఫోగట్ సంగతి అందరికీ తెలిసిందే: 2024 పారిస్‌లో 50 కేజీల ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి అర్హత కోల్పోయారు. వెంట డాక్టర్లు, కోచ్‌లు ఉన్న ఆటగాళ్లకే అంత కష్టమైన పని మొదటి టోర్నమెంట్‌లో పెట్టుకోవద్దు. ఇవాళే నిర్వాహకులకు రాసి 76కి మార్పించుకో. బ్రాకెట్లు (ఎవరితో ఎవరు ఆడాలనే పట్టిక) పెట్టేశాక సాధారణంగా మార్చరు.

రూల్స్‌లో వైట్ బెల్ట్ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేవి చెప్తా. మ్యాచ్ ఐదు నిమిషాలు. టేక్‌డౌన్ (నిలబడ్డవాణ్ణి కింద పడేయడం), స్వీప్ (కింద నుంచి తిరగేసి పైకి రావడం), నీ ఆన్ బెల్లీ (పొట్ట మీద మోకాలు పెట్టడం) రెండేసి పాయింట్లు, గార్డ్ పాస్ (కిందున్నవాడు కాళ్లతో అడ్డుకునే స్థితి గార్డ్, ఆ కాళ్లు దాటడం పాస్) మూడు, మౌంట్ (ఒంటి మీద ఎక్కి కూర్చోవడం), బ్యాక్ (వెనక నుంచి కాళ్లు వేసి పట్టడం) నాలుగేసి. ఏదైనా మూడు సెకన్లు నిలబెడితేనే పాయింటు. చాలామంది పాస్ అవ్వగానే ఆగకుండా మౌంట్‌కి దూకుతారు, అవతలివాడు హాఫ్ గార్డ్‌లోకి (నీ ఒక కాలిని తన కాళ్ల మధ్య ఇరికించి) లాగేసుకుంటాడు, రావాల్సిన మూడూ పోతాయి. పక్కన కుదురుకుని మనసులో మూడు లెక్కపెట్టుకో, ఆ తర్వాతే కదులు. ఇంకోటి, మౌంట్ కింద పడి బ్రిడ్జ్ కొట్టి (నడుం పైకెత్తి) తిరగేస్తే పాయింట్లు రావు. స్వీప్ అంటే గార్డ్ నుంచో హాఫ్ గార్డ్ నుంచో మొదలవ్వాలి.

మణికట్టు, మోకాలు, పాదం మెలిపెట్టే పట్లు రిస్ట్ లాక్, నీబార్, టో హోల్డ్, హీల్ హుక్ ఏవీ వైట్ బెల్ట్‌కి లేవు. స్ట్రెయిట్ యాంకిల్ లాక్ (చీలమండ పట్టు) ఉంది కానీ, అది పట్టేటప్పుడు నీ బయటి కాలు వాడి మోకాలి మీదుగా ఒంటి మధ్యగీత దాటి లోపలికి నొక్కితే రీపింగ్, నేరుగా డిస్‌క్వాలిఫై. ఆ పట్టు క్లాసులో శుభ్రంగా రాకపోతే పోటీలో ముట్టుకోవద్దు. ఎగిరి గార్డ్ వేసుకోవడం కూడా వైట్ బెల్ట్‌కి నిషేధం.

చిత్తూరు_జూడోకా:

నిలబడే ఆట గురించి నేను చెప్తాను. 25 ఎంఎం పజిల్ మ్యాట్ కింద సిమెంటు ఉన్నచోట భుజం మీదుగా విసిరే త్రోలు నేర్చుకోవద్దు. జూడో మ్యాట్ 40 ఎంఎం ఉంటుంది, నింపిన సరుకు కూడా గట్టిది, దాని మీదే ఉకెమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతి) సరిగా రానివాళ్ల భుజం, కాలర్‌బోన్ పోతుంటాయి. ఐదు వారాల్లో త్రో రాదు, దెబ్బ మాత్రం వస్తుంది.

నీకు కావాల్సింది ఒకే పట్టు, దాని నుంచి రెండు దార్లు. పట్టు ఇది: కుడిచేత్తో వాడి కుడి కాలర్, కాలర్‌బోన్ ఎత్తులో, నాలుగు వేళ్లు లోపలికి. ఎడమచేత్తో వాడి కుడి చేతి స్లీవ్, అంచు దగ్గర గుడ్డ మడిచి పట్టుకోవాలి. అంచు లోపలికి వేళ్లు దూర్చకూడదు, అది ఫౌల్.

మొదటి దారి గార్డ్‌లోకి కూర్చోవడం. ముందు కుడి పాదం వాడి ఎడమ తుంటి మీద పెట్టు, ఆ తర్వాతే కూర్చో, ఎడమ పాదం వాడి కుడి బైసెప్ మీదికి. నీ పిరుదులు వాడి కాలివేళ్ల దగ్గర నేలకి తాకాలి. తొంభై శాతం మంది ఇక్కడే పొరపాటు పడతారు: వెనక్కి దూరంగా పడతారు, చేతులు చాపుకుపోతాయి, కాలర్ మీద బరువు ఉండదు, వాడు రెండు మోకాళ్లూ పక్కకి తోసి నడుచుకుంటూ పాస్ అయిపోతాడు. దగ్గరగా కూర్చుంటే నీ బరువంతా వాడి మెడ మీద వేలాడుతుంది, వాడు ముందు నిటారుగా నిలబడటానికే తంటాలు పడాలి. పట్టు లేకుండా ఊరికే కూర్చుంటే పెనాల్టీ. వాడు అప్పటికే నీ కాలో ప్యాంటో పట్టుకుని ఉండగా కూర్చుంటే టేక్‌డౌన్ పాయింట్లు వాడికే పోతాయి.

రెండో దారి, వాడు కూర్చోనివ్వకుండా నడుం వెనక్కి పెట్టి గుంజుతుంటే, యాంకిల్ పిక్ (మడమ అందుకుని పడేయడం). కాలర్‌ని వాడి కుడి కాలి మీదికి కిందకి గుంజు, తల వంగాలి. తల ఎత్తడానికి వాడు ఒళ్లు బిగించి లేచే క్షణంలో ఆ పాదం తేలికవుతుంది. అప్పుడు స్లీవ్ వదిలి, ఎడమ మోకాలు నేలకి దించి, ఎడమ అరచేత్తో మడమ వెనక దోసిలిలా పట్టు. మడమ నీవైపు, కాలర్ వాడివైపు. వాడు కూర్చున్నట్టు వెనక్కి పడతాడు, పలచటి మ్యాట్ మీద కూడా భయం లేదు. నడుం వంచి చేత్తో మాత్రమే అందుకోబోతే అందదు, పైగా గిలటిన్‌కి (ముందు నుంచి మెడ నొక్కే పట్టు) మెడ ఇచ్చినట్టే. మోకాలు దించి ఒళ్లంతా కిందికి పోవాలి. అంతర్జాతీయ జూడోలో 2013 నుంచి కాళ్లు చేత్తో పట్టడం లేదు, కాబట్టి జూడో నుంచి వచ్చిన ప్రత్యర్థికి దీని మీద కాపలా తక్కువ.

సాధన ఇట్లా. వారానికి నాలుగు క్లాసులైతే ప్రతి క్లాసులో మొదటి పావుగంట నిలబడి మొదలయ్యే రౌండ్లే. రెండు నిమిషాలవి ఆరు. ఎవరు కిందపడ్డా మూడు సెకన్లు నిలబెట్టి మళ్లీ లేవాలి. రెండో వారం నుంచి వాటికి తోడు ఐదు నిమిషాల పూర్తి మ్యాచ్‌లు నాలుగు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఒకరు గోడ దగ్గర నిలబడి టైం, పాయింట్లు గట్టిగా చెప్పాలి. రెండు పాయింట్లు వెనకబడి నలభై సెకన్లు మిగిలిన స్థితి నుంచి కూడా కొన్ని మొదలుపెట్టండి. చివరి వారం సగానికి తగ్గించు. పోటీకి ముందు మూడు రోజులు గట్టి రోల్స్ వద్దు, ఊరికే డ్రిల్స్ చాలు.

మొదటి మ్యాచ్‌లో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. ఆదుర్దాలో పట్టు వదలకుండా పిండటమే కారణం. గీ పైకోటుని పుల్-అప్ రాడ్ మీద వేసి రెండు అంచులూ పట్టుకుని 20 నుంచి 30 సెకన్లు వేలాడు, నాలుగుసార్లు, వారానికి రెండ్రోజులు. కానీ దానికంటే పనికొచ్చేది రోల్‌లో లాగేటప్పుడు మాత్రమే బిగించి, మిగతా సమయం వేళ్లు కొక్కెంలా వదులుగా ఉంచడం అలవాటు చేసుకోవడం.

తిరుచానూరు_తెల్లబెల్ట్:

చాలా థ్యాంక్స్ అన్నా. 76కి మార్చమని రాస్తున్నా. మెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు విషయాలు: తొడ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా మచ్చ వచ్చింది, అంచు ఎర్రగా దురద. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండ్రోజుల్లో దురద తగ్గింది, మళ్లీ వచ్చింది. ఉంగరం వేలు స్లీవ్‌లో మెలిపడి వాచింది, ఇంట్లో పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు.

కార్వేటినగరం_ఫిజియో:

ముందు మచ్చ. అది తామరలా ఉంది, మ్యాట్ మీద అందరికీ పాకుతుంది, కాబట్టి ఇవాళ్టి నుంచి రోల్స్ ఆపండి. రెండ్రోజుల్లో దురద తగ్గి మళ్లీ వచ్చిందంటే ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లుంటే వెంటనే ఆపేయండి. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణుస్తుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది, మచ్చ అంచు చెరిగిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. మన దేశంలో మామూలు మందుకి లొంగని తామర ఇప్పుడు బాగా ఉంది, అందుకే నేరుగా చర్మవైద్యుడికి చూపించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఓపీ ఉంటుంది. క్రీమ్ ఇస్తే మచ్చ కనబడకపోయినా చెప్పినన్ని వారాలూ రాయాలి, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా. అమెరికా కాలేజీ కుస్తీలో ఒంటి మీద తామరకి కనీసం 72 గంటలు మందు పడ్డాకే మ్యాట్ ఎక్కనిస్తారు. మీరు దానికంటే తొందరపడొద్దు.

హాలు సంగతి కూడా చెప్పాలి. పజిల్ మ్యాట్ల అతుకుల్లో చెమట, దుమ్ము చేరతాయి. ముందు చీపురుతో ఊడ్చి, తర్వాత లీటరు నీళ్లలో 5 శాతం హైపోక్లోరైట్ 20 ఎంఎల్ కలిపి తుడిచి పది నిమిషాలు తడిగా వదలండి, తర్వాత మంచినీళ్లతో తుడవండి. దుమ్ము మీదే పోస్తే మందు పనిచేయదు. గీ ఆ రోజే ఉతికి ఎండలో తిరగేసి ఆరేయండి, బ్యాగులో రాత్రంతా ఉంచొద్దు. మన ఊళ్లో ఇంకో మాట అవసరం: తలనీలాలిచ్చిన వాళ్లు నెత్తి మీద కత్తి గాట్లు మానేదాకా మ్యాట్‌కి దూరంగా ఉండాలి. ఆ చిన్న గాట్లలోంచే చీము పట్టే బ్యాక్టీరియా దూరుతుంది. పోటీకి ముందు వారం ఆ మొక్కు పెట్టుకోకుండా ఉంటే మంచిది.

వేలికి ముందు ఎక్స్‌రే. కట్టు మీద నమ్మకం ఉంటే మీ ఇష్టం, కానీ కీలు తప్పిందో, లిగమెంట్ చిన్న ఎముక ముక్కని ఊడదీసుకుని వచ్చిందో తెలియకుండా బిగించి కడితే వేలు అట్లాగే వంకరగా అతుక్కుంటుంది. వేలి కొస తనంతట తాను నిటారుగా లేవకపోయినా, పిడికిలి బిగిస్తే ఆ వేలు కొస ముడవకపోయినా స్నాయువు తెగిందనే అనుమానించాలి. వేలు వంగి స్లీవ్ పట్టుకున్నప్పుడు అవతలివాడు గుంజితే ఉంగరం వేలికే ఇది ఎక్కువ, అది వారం పదిరోజుల్లోపే సర్జన్ చూడాలి. ఎక్స్‌రే బాగుండి, వేలు ముడుస్తూ చాపుతూ ఉంటే పక్క వేలితో కలిపి టేపు వేయండి, కీలు పైనా కిందా ఒక్కో చుట్టు, కీలు మీద కాదు.

మెట్లు మంచివే, తీసేయకండి, పద్ధతి మార్చండి. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా, మధ్యలో చదును దారి ఎక్కువ. గుండెకి దమ్ము పెంచడానికి బాగుంటుంది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు రెండు కిలోమీటర్లలోనే, అది నిటారు, తొడలకి పని ఎక్కువ. వారానికి ఒక్కసారి చాలు, ఎక్కి బస్సులో దిగండి. దిగేటప్పుడే తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, ఆ నొప్పి రెండుమూడు రోజులుండి క్లాసు పాడవుతుంది. పోటీకి పది రోజుల ముందు ఆపేయండి. అయితే ఐదు నిమిషాల పోరులో దమ్ము ఎక్కువగా పోయేది ఒకరి బరువు మీద ఉండగా ఊపిరి బిగబట్టడం వల్ల, దానికి మెట్లు మందు కాదు. కింద ఉన్న స్థితి నుంచి మొదలయ్యే రౌండ్లలో ముక్కుతో ఊపిరి వదలడం సాధన చేయండి.

పీలేరు_పట్టు:

పోటీ రోజువి నాలుగు మాటలు. ముందురోజు సాయంత్రానికే బెంగళూరు చేరుకో, 250 కిలోమీటర్లు రాత్రి బస్సులో కూర్చుని పోయి పొద్దున్నే ఆడితే నడుం పట్టేస్తుంది. మ్యాచ్‌కి మూడు గంటల ముందు ఇడ్లీనో పెరుగన్నమో, తర్వాత అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ గుక్కగుక్కగా. గీ తెలుపు, నీలం, నలుపు రంగుల్లోనే ఉండాలి, చెయ్యి చాపితే స్లీవ్ మణికట్టుకి ఐదు సెంటీమీటర్ల కంటే పైకి పోకూడదు. ఉతికి కుంచించుకుపోయిన గీతో చాలామంది అక్కడే ఆగిపోతారు, ఇప్పుడే కొలుచుకో. మొలతాడు, చేతి కంకణం, మెడలో మాల అన్నీ గదిలోనే తీసి పెట్టు, వెండి మొలతాడు అవతలివాడి వేలు కోస్తుంది. గోళ్లు ముందురోజు రాత్రి తీయి.

పిలిచే ముందు పది నిమిషాలు చెమట పట్టేదాకా వార్మప్ చెయ్యి, ఊపిరి ఒకసారి బాగా ఎగిసి మళ్లీ కుదురుకోవాలి. లేకపోతే ఆ మొదటి ఎగశ్వాస మ్యాచ్‌లోనే వస్తుంది. రెండు మ్యాచ్‌ల మధ్య కనీసం ఒక మ్యాచ్ నిడివి విశ్రాంతి ఇవ్వాలని రూల్, నీకైతే ఐదు నిమిషాలు. అది అడిగి తీసుకో.

ట్యాప్ (ఓటమి ఒప్పుకుంటూ తట్టడం) నేల మీద కాదు, వాడి ఒంటి మీద రెండుసార్లు, చేతులు ఇరుక్కుంటే నోటితో చెప్పు. నొప్పికి అరిచినా ట్యాప్ కిందే లెక్క. మెడ రెండువైపులా రక్తం ఆగితే పది సెకన్లలోపే స్పృహ పోతుంది, కాబట్టి తట్టుకుందాం అనుకోవద్దు. స్పృహ పోతే ఆ రోజుకి ఇంకో మ్యాచ్ వద్దు, నీ కోచ్‌కి ఈ మాట ముందే చెప్పి ఉంచు.

తిరుచానూరు_తెల్లబెల్ట్:

వేలి కొస ముడుస్తోంది అన్నా, రేపు ఎక్స్‌రేకి పోతున్నా. క్రీమ్ ట్యూబ్ చూశా, క్లోబెటసాల్ ఉంది, ఆపేశా. మచ్చ తగ్గేదాకా ఒంటరిగా ఏం సాధన చేయొచ్చు?

చిత్తూరు_జూడోకా:

పాత బెల్టు ఒకటి గ్రిల్‌కి నీ ఛాతీ ఎత్తులో కట్టి, దాన్నే కాలర్ అనుకుని గుంజు, మోకాలు దించు, మడమ అందుకో. రోజుకి ఇరవైలు మూడు విడతలు. మడమ చోట చిన్న నీళ్ల సీసా పెట్టు. కుడిచెయ్యి కిందికి గుంజడం, మోకాలు దిగడం ఒకేసారి జరగాలి. మోకాలు ఆలస్యమైతే నడుం వంగుతుంది, అద్దం పక్కన పెట్టుకుంటే అది నీకే కనబడుతుంది.

కార్వేటినగరం_ఫిజియో:

ఎక్స్‌రే వచ్చేదాకా వేలాడే వ్యాయామం, కుడిచేత్తో గుంజడం రెండూ వద్దు, దెబ్బ ఆ చేతికే అయితే. మోకాలు దించి లేవడం మాత్రమే చేయండి.