‘మిలిట్రీలో పోయాడు’: ఈ మాటను పుస్తకంలో ఎలా రాయాలి?

మా తాత తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన మీద చిన్న పుస్తకం రాస్తున్నాను. మాది కనిగిరి దగ్గర పల్లె. ఇంట్లో ఎవర్ని కదిలించినా ఒకటే మాట, ‘మిలిట్రీలో పోయాడు’. మన వైపు ‘పోయాడు’ అంటే రెండూ కదా. ‘మద్రాసు పోయాడు’ అంటే రైలెక్కాడు, ‘నిన్న తెల్లారుజామున పోయాడు’ అంటే ప్రాణం పోయింది. ‘మిలిట్రీలోకి’ అని స్పష్టంగా పలికితే అనుమానం ఉండదు, కానీ మా పెద్ద మేనత్త ఒకసారి ‘లోకి’ అంటుంది, ఇంకోసారి ‘లో’ అంటుంది. తెలిసినవాళ్లేమో ‘వీరమరణం పొందాడు’ అని రాయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. గుండు తగిలి పోయాడో, మలేరియాతో పోయాడో, పట్టుబడి క్యాంపులో పోయాడో తేలనిదే ఆ మాట ఎలా రాస్తాను? ఏం రాయమంటారు?

జవాబు: రాయండి, తప్పేముంది? యుద్ధానికి వెళ్లినవాడు జ్వరంతో పోయినా వీరుడే. ఖడ్గ తిక్కన పుట్టిన నెల్లూరు సీమ మనది.

నేను: అన్నా, ఆ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నదే, నాకూ ఇష్టమే. కానీ అందులో యుద్ధం నుంచి వెనక్కి వచ్చినవాడికి భార్య మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచి ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెడుతుంది. తల్లేమో పాలు కూడా విరిగాయంటుంది. మా ఇంట్లో అలా కాదు. ఎలాగైనా తిరిగొస్తే చాలని ఏళ్ల తరబడి చూశారు. ఆయన భార్య చాలాకాలం బొట్టు తీయలేదట. ఆమె అన్నేళ్లు పడ్డదంతా ‘వీర’ అన్న ఒక్క ముక్క కింద కప్పేసినట్టవుతుంది.

జవాబు: తమ్ముడూ, నేను ఒంగోలు నుంచి. మాట సంగతి తర్వాత, ముందు మీ అత్తయ్యను ఒకటి అడుగు. మహాలయ పక్షంలో ఆయనకు ఏ రోజు పెట్టేవాళ్లు? ఆయుధంతో పోయినవాళ్లకు చతుర్దశి, తిథి తెలియనివాళ్లకు అమావాస్య అని మన పెద్దల లెక్క. అసలు పెట్టేవాళ్లా, పెడితే ఎప్పటినుంచి మొదలెట్టారు అన్నది కూడా అడుగు. నోటితో అనలేనిది అక్కడ తెలుస్తుంది. ఇక మాటంటావా, ‘కాలం చేశాడు’ పెద్దవయసులో ఇంట్లో పోయినవాళ్లకు కుదురుతుంది. ‘గల్లంతయ్యాడు’ అంటే నాకు ఏట్లో కొట్టుకుపోయినట్టే వినిపిస్తుంది. ‘నేలకొరిగాడు’ అనాలంటే ఒరిగినప్పుడు ఎవరో చూసి ఉండాలి.

జవాబు: కాగితాల కోసం వెతుకుతుంటే ఒక మాట. ప్రకాశం జిల్లా అని వెతక్కండి. అది 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. యుద్ధం నాటికి కనిగిరి, పొదిలి, కందుకూరు అన్నీ నెల్లూరు జిల్లానే. యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరుతో, రకరకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో వెతకండి. బర్మా వైపు పోయి సమాధి లేనివాళ్ల పేర్లు అక్కడి రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద చెక్కారు, దాదాపు 27 వేల పేర్లు. సింగపూర్‌లో పట్టుబడ్డారేమో అన్న అనుమానం ఉంటే క్రాంజీలో ఉన్న సింగపూర్ మెమోరియల్ పేర్లు కూడా చూడండి. సింగపూర్ బ్రిటిష్ వాళ్ల చేయి జారింది 1942 ఫిబ్రవరి 15న. ఆ తేదీకి ముందు ఆయన ఇంటికి ఉత్తరం రాశారా, తర్వాత రాశారా అన్నది ముఖ్యం.

నేను: ఒంగోలు అన్నకు చాలా థాంక్స్. అత్తను అడిగాను. అమావాస్య నాడే పెట్టేవాళ్లట. అది కూడా మా తాత పోయాక, మా నాన్న చేతుల మీదుగానే మొదలైంది. తాత బతికున్నన్నాళ్లూ తమ్ముడి పేరు మీద నువ్వులు నీళ్లు వదలడానికి ఒప్పుకోలేదట. ఇది ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాబట్టి ఇంటివాళ్లు మాట్లాడే అధ్యాయాల్లో ‘పోయాడు’నే ఉంచుతాను, ‘లో’ అన్నచోట ‘లో’, ‘లోకి’ అన్నచోట ‘లోకి’, ఎవరు ఎలా అంటే అలా, సరిదిద్దకుండా. నా మాటగా రాసేచోట ‘జాడ తెలియకుండా పోయాడు’ అని రాస్తాను. రికార్డు దొరికితే అందులో ఉన్న తేదీ వేసి ‘చనిపోయాడు’ అంటాను, అంతకు మించి ఒక్క విశేషణం తగిలించను.

ఇంకో సాయం కావాలి. 1940–45 మధ్య మిలిట్రీ నుంచి వచ్చిన తెలుగు ఉత్తరాలు గానీ, మనియార్డరు కూపన్ల మీద రాసిన రెండు ముక్కలు గానీ మీ ఇళ్లలో ఉంటే ఫొటో తీసి పెట్టండి, పేర్లు కనపడకుండా పెట్టినా చాలు. అప్పటి కుర్రాళ్లు తాము ఎక్కడికి పోతున్నారో ఇంటికి ఏ మాటల్లో చెప్పేవాళ్లో చూడాలి.