ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు జర్మనీ పోవాలా వద్దా? నాలుగో ఏడాది క్రెడిట్లు, డబ్బు, ప్లేస్‌మెంట్లు ఏమవుతాయి?

గుంతకల్లు_పాప:

అందరికీ నమస్కారం. అనంతపురంలో బీటెక్ ఈసీఈ చదువుతున్నా, ఇప్పుడు మూడో ఏడాది రెండో సెమిస్టర్. మాది గుంతకల్లు పక్కన పల్లె, మా నాయన సేద్యం చేస్తాడు, చెనిక్కాయ, కంది. మా కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంది. ఈ అక్టోబర్‌లో మొదలయ్యే సెమిస్టర్‌కు ఇద్దరిని పంపుతున్నారు, అందులో నా పేరు వచ్చింది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి ఫీజు ఇక్కడ కట్టుకుంటే చాలు. స్టైపెండ్ లేదు. టికెట్టు, వీసా, ఉండేదానికి, తినేదానికి అన్నీ మనవే. నెలాఖరుకల్లా పోతానో లేదో రాసివ్వాలి.

నాకు పోవాలనే ఉంది. ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో వాళ్ల ల్యాబ్ కోర్సు సిలబస్ చూశాక ఆశ ఇంకా ఎక్కువైంది. ఇక్కడ ఒక కిట్ చుట్టూ ఎనిమిది మంది నిలబడి చేసే పని అక్కడ ఇద్దరిద్దరు చేస్తారట. కానీ ఇంట్లో పొద్దున్నే మొదలుపెడితే రాత్రిదాకా ఇదే మాట. ఆరు లక్షల దాకా బ్యాంకులో వేసి చూపించాలంటున్నారు, ఆ డబ్బు ఎవరికి పోతుంది, తిరిగి వస్తుందా రాదా అని మా నాయన అడుగుతున్నాడు. కంపెనీలేమో నాలుగో ఏడాది మొదట్లోనే వస్తాయి, అప్పుడు నేను ఇక్కడ ఉండను. అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడ కలుపుతారా, లేకుంటే వచ్చి మళ్లీ రాయాలా? మా జేజి అయితే ఆడపిల్లను ఒక్కదాన్నే అంత దూరం ఎట్ల పంపుతారని అన్నం కూడా సరిగా తినడం లేదు. ఇట్ల పోయొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పెన్నా_తీరం:

పాపా, నాది కడప. మెకానికల్ చదువుతూ ఇట్లనే ఒక సెమిస్టర్ జర్మనీ పోయొచ్చినా. ముందు డబ్బు సంగతి చెప్తా, మీ నాయనకు కావాల్సింది అదే కదా.

నువ్వు చెప్పే ఆరు లక్షలు ఫీజు కాదు. దాన్ని బ్లాక్డ్ అకౌంట్ అంటారు. నీ పేరు మీద నీ డబ్బే వేస్తావు, వీసా వాళ్లకు ఆ కాగితం చూపిస్తావు, అక్కడికి పోయాక ప్రతి నెలా అందులోంచి నీకే కొంత వస్తుంది. ఇప్పటి లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికైతే 11,904. నువ్వు ఉండేది ఆరు నెలలైతే 5,952, యూరో వంద రూపాయల దగ్గర వేసుకుంటే ఆరు లక్షలకు కొంచెం అటూఇటూ. వీసా రాకపోతే అకౌంట్ మూసేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, వాళ్ల సర్వీస్ చార్జీ మాత్రం పోతుంది. ఇది మీ నాయనకు కాగితం మీద రాసి చూపించు, నోటితో చెప్తే గందరగోళంగా ఉంటుంది.

కానీ ఒక చిక్కుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. అక్కడ బ్యాంకు అకౌంట్ తెరిచేదాకా ఆ నెల డబ్బు చేతికి రాదు. అకౌంట్ కావాలంటే చాలాచోట్ల అడ్రస్ రిజిస్ట్రేషన్ అడుగుతారు, దానికి గది ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఆ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం చట్టం కూడా. అంటే మొదటి నెల అద్దె, గదికి డిపాజిట్, యూనివర్సిటీకి కట్టే సెమిస్టర్ చందా (ట్యూషన్ లేకపోయినా ఇది ఉంటుంది, చాలాచోట్ల బస్సు, రైలు పాసు ఇందులోనే వస్తుంది), హెల్త్ ఇన్సూరెన్సు, ఇవన్నీ ఆ ఆరు లక్షలు కాకుండా నీ ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు వేసుకుపోయే కార్డు) వేరేగా ఉండాలి. ఇన్సూరెన్సే నెలకు 140 యూరోలు దాటుతుంది. గది కోసం స్టూడెంట్ హాస్టళ్లకు ఈరోజే దరఖాస్తు పెట్టు, పోవడం ఖాయం కాకపోయినా సరే. బయట గది దొరకడం చాలా కష్టం.

వీసా ఇంకోటి. 90 రోజులు దాటి ఉండాలంటే మామూలు షెంగెన్ వీసా (యూరప్ దేశాలకు కొన్నాళ్లు పోయొచ్చేది) పనికిరాదు, జర్మనీలో ఎక్కువ కాలం ఉండేదానికి ఇచ్చే నేషనల్ వీసా తీసుకోవాలి. ముందు షెంగెన్ మీద పో, అక్కడ మార్చుకోవచ్చు అనే ఏజెంట్ల మాట అస్సలు వినొద్దు.

చదువు విషయానికొస్తే అక్కడ మిడ్స్ ఉండవు. చాలా సబ్జెక్టులకు చివర్న ఒకటే పరీక్ష, అందులో వచ్చిందే మార్కు. నా మెషీన్ డైనమిక్స్ పరీక్షకు ఒక ఎ4 కాగితం రెండు వైపులా మన చేత్తో రాసుకున్న సూత్రాలు తెచ్చుకోవచ్చన్నారు. ఆ ఒక్క కాగితంలో ఏం రాయాలి, ఏం వదలాలి అని కూర్చుంటేనే సగం చదువు అయిపోయేది. హాల్లో ప్రశ్న చూస్తే సూత్రం ఎక్కడా నేరుగా పనికిరాదు, ఆ మెషీన్ ఎందుకు అదురుతోందో ముందు అర్థం కావాలి. అట్లాంటి పరీక్ష నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. నువ్వు పోవాల్సింది దానికోసమే అంటాను నేను. క్లాసులో పేరుంటే చాలదు, పరీక్షకు ఆన్‌లైన్‌లో వేరేగా రిజిస్టర్ చేసుకోవాలి, ఆ గడువు దాటితే రానివ్వరు. ఇది గుర్తు పెట్టుకో.

తుంగభద్ర_మాస్టారు:

అమ్మా, నేను కర్నూలులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఎక్స్ఛేంజ్‌కు పోయే పిల్లల కాగితాలు చూసే కమిటీలో ఉన్నాను. పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ పిల్లలు డబ్బు దగ్గరా చలి దగ్గరా టెన్షన్ పడి అసలు చూసుకోవాల్సినదాన్ని వదిలేస్తారు. అది క్రెడిట్ల బదిలీ, అంటే అక్కడ పాసైన సబ్జెక్టులను ఇక్కడి లెక్కలో కలపడం.

ముందు క్యాలెండర్ చూడు. మన నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ సుమారుగా జూలైలో మొదలై నవంబర్‌కు అయిపోతుంది. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా, పాఠాలు అక్టోబర్ నడుమ నుంచి ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో. అంటే అది మన ఒక్క సెమిస్టర్‌కు బదులు రాదు, రెండు సెమిస్టర్ల మీద పడుతుంది. దీనికి దారి ఉంది. చాలా కాలేజీల్లో నాలుగో ఏడాది రెండో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టే. మొదటి సెమిస్టర్ సబ్జెక్టులకు బదులు అక్కడివి రాసి, ప్రాజెక్టును అక్కడి ల్యాబ్‌లోనే మొదలుపెట్టి ఇక్కడికొచ్చి పూర్తి చేస్తానని ముందే రాయించుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ నోటిమాటగా ఉండకూడదు.

లర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక పత్రం ఉంటుంది, నువ్వు, మీ కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేస్తారు. అందులో అక్కడి ప్రతి కోర్సుకు ఎదురుగా ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులో ఉండాలి, "తగిన విధంగా పరిశీలిస్తాం" లాంటి వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు. మీ కాలేజీ అటానమస్ (పరీక్షలు తనే పెట్టుకునేది) అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ అనే కాలేజీ కమిటీల ఆమోదం అడుగు. అఫిలియేటెడ్ అయితే పరీక్షలు పెట్టేది, పట్టా ఇచ్చేది యూనివర్సిటీ కాబట్టి ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే సరిపోదు, యూనివర్సిటీ నుంచి అనుమతి పత్రం రావాలి. నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ ఇక్కడే వచ్చాయి. పిల్ల మంచి మార్కులతో తిరిగొస్తుంది, సంతకం పెట్టిన పెద్దమనిషి అప్పటికి బదిలీ అయి ఉంటాడు, కొత్తాయన నాకు తెలియదంటాడు.

యూరప్‌లో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు లెక్క, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మనకు నాలుగేళ్లకు 160 అనుకుంటే సెమిస్టర్‌కు 20. అందుకని వాళ్ల ఆరు క్రెడిట్ల సబ్జెక్టు మన నాలుగుకు దగ్గరగా వస్తుంది. మార్కులు కూడా మనకు తలకిందులు, జర్మనీలో 1.0 అంటే అందరికంటే మేలు, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 ఫెయిల్. 1.3 తెచ్చుకున్న పిల్లవాణ్ణి తక్కువ మార్కులని పక్కన పెట్టిన ఎగ్జామ్ సెక్షన్‌ను నేను చూశాను. ఏ సూత్రంతో మారుస్తారో కూడా అగ్రిమెంట్‌కు జత చేయించు.

నీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఎక్స్ఛేంజ్ కాలాన్ని హాజరుగా లెక్కిస్తారో లేదో రాతపూర్వకంగా అడుగు. ప్లేస్‌మెంట్ల గురించి అంత బెంగ వద్దు, మొదటి రౌండ్లు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. అక్కడికీ ఇక్కడికీ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా, చలికాలంలో మనకు పొద్దున పది గంటల టెస్ట్ నీకు తెల్లవారుజామున ఐదున్నరకు పడుతుంది. చేయగలిగిందే. జూలై నుంచి అక్టోబర్ దాకా ఎట్లాగూ ఇక్కడే ఉంటావు, ఆ మూడు నెలల్లో వచ్చే కంపెనీలను వదలకు.

తాడిపత్రి_నల్లరాయి:

చెల్లీ, అందరూ పో పో అంటున్నారు, నేను ఒక మాట అడుగుతా. ఆ ఆరు లక్షలు ఎక్కడివి? మీ నాయన దగ్గర ఉంటే, లేదా బ్యాంకు లోన్ వస్తే నాదేం అడ్డు లేదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు పన్నెండు వేలు వడ్డీకే పోతుంది. ఆ ఆరు లక్షలు అక్కడ తినేదానికి, ఉండేదానికే ఖర్చయిపోతాయి, తిరిగి ఇంటికి రావు. వాన పడని ఏడాది మన దిక్కు ఎట్లుంటుందో నీకు చెప్పాల్సిన పని లేదు, అనంతపురం జిల్లాలో చెనిక్కాయ నమ్ముకుని అప్పు చేయడం ఎంత భయమో మా ఇంట్లో చూసినా. అక్కడ పార్ట్‌టైమ్ చేసి కడతా అనుకోవద్దు, పనికి అనుమతి ఏడాదికి ఇన్ని రోజులని లెక్క ఉంటుంది, పైగా ఒక్క సెమిస్టర్‌కు పోయే మనిషికి భాష రాకుండా పని దొరికేలోపే వెనక్కి వచ్చే టైమ్ అవుతుంది.

స్టైపెండ్ ఉన్నదానికి ప్రయత్నం చెయ్యి. ఎరాస్మస్ ప్లస్ అని యూరోపియన్ యూనియన్ స్కీమ్ ఒకటుంది, దాని కింద మన దేశం నుంచి సెమిస్టర్‌కు పోయే పిల్లలకు దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు ఇస్తారు, ప్రయాణం డబ్బు వేరే. కాకపోతే రెండు కాలేజీల మధ్య ఆ స్కీమ్ కింద ఒప్పందం ఉండాలి, మనంతట మనం పెట్టుకునేది కాదు. మీ జర్మనీ యూనివర్సిటీకి ఆ నిధులు ఉన్నాయేమో వాళ్ల ఇంటర్నేషనల్ ఆఫీసుకు నువ్వే ఒక మెయిల్ రాయి. మీ కాలేజీవాళ్లు అడగలేదేమో.

ప్రొద్దుటూరు_అమ్మ:

తల్లీ, మా అమ్మాయి ఫ్రాన్స్‌కు ఇట్లనే ఒక సెమిస్టర్ పోయొచ్చింది. మీ జేజిని కోప్పడొద్దు. మా ఇంట్లో ఇదే గొడవ, ఆయన పైకి డబ్బు అనేవాడు, లోపల భయమంతా పిల్ల ఒక్కతే ఏమైపోతుందోనని. మా అమ్మాయి చేసిన పని ఏమంటే తను ఉండబోయే హాస్టల్ ఎక్కడ, కాలేజీ ఎంత దూరం, రాత్రి తొమ్మిదికి బస్సు ఉంటుందా అన్నీ ఫోన్‌లో మ్యాప్ పెట్టి వాళ్ల నాయనకు వీధి వీధి చూపించింది. అప్పటినుంచి ఆయన అడిగే ప్రశ్నలు మారిపోయాయి, పంపాలా వద్దా పోయి స్వెటర్ ఎప్పుడు కొనాలి అని వచ్చింది. మీతో వస్తున్న ఇంకో విద్యార్థి ఇంటివాళ్లను మీవాళ్లతో మాట్లాడించు, అది చాలా ధైర్యం.

తిండి సంగతి. కంది పొడి, చెనిక్కాయ పొడి, చింతపండు, బొరుగులు పట్టుకుపో. నెయ్యి, పాలకోవా, పాలతో చేసినవి ఏవీ పెట్టొద్దు, మాంసం పచ్చడి అసలే వద్దు, యూరప్‌లోకి వాటిని తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. నేను ఇంట్లో కాచిన నెయ్యి డబ్బా బ్యాగులో పెడితే మా అమ్మాయి తీసి వంటింటి గట్టు మీద పెట్టేసి ఆ జాగాలో ఇంకో కిలో కంది పొడి పెట్టుకుంది. బియ్యం, పప్పులు అక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, బరువు మోసుకుపోవద్దు.

గుంతకల్లు_పాప:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి మా నాయనకు బ్లాక్డ్ అకౌంట్ లెక్క నోట్‌బుక్‌లో రాసి చూపించినా, నెలనెలా నీకే వచ్చేదా అని రెండుసార్లు అడిగి నోట్‌బుక్ తన దగ్గరే పెట్టుకున్నాడు. తాడిపత్రి అన్నా, వడ్డీకి మాత్రం తేము, అది నేనే చెప్పేసినా. బ్యాంకు లోన్ అడుగుతాం, రాకపోతే వద్దని రాసిస్తా. ఎరాస్మస్ గురించి మెయిల్ కూడా పెట్టినా. మాస్టారూ, మాది అఫిలియేటెడ్ కాలేజీ, యూనివర్సిటీ అనుమతి సంగతి సోమవారం ప్రిన్సిపాల్‌ను అడుగుతా. ఇంకొక్కటి, తిరుగు టికెట్ కూడా ఇప్పుడే తీసుకోవాలా? బెంగళూరు మేలా, హైదరాబాదా?

పెన్నా_తీరం:

వీసా చేతికొచ్చేదాకా ఏ టికెట్టూ కొనొద్దు. కొన్నప్పుడు తిరుగు తేదీ మార్చుకునే వీలున్నది తీసుకో, పరీక్ష తేదీలు జనవరి దాకా తెలియకపోవచ్చు, మార్చి ఆఖర్లో పడ్డా పడొచ్చు. నీకు బెంగళూరే సులువు. అనంతపురం నుంచి హైవే మీద పోతే దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ ఊళ్లోకి పోకముందే వస్తుంది, సిటీ ట్రాఫిక్ తగలదు. ఇంట్లోవాళ్లంతా ఒకే బండిలో వచ్చి దింపి రాత్రికి తిరిగి ఇల్లు చేరుకోవచ్చు, మీ జేజిని కూడా తీసుకురండి.