డిమెన్షియా ఖర్చులో ఇంటివాళ్ల గంటలు

ప్రశ్న: డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల సంరక్షణ ఖర్చు సర్వేలో, ఇంట్లో ఒకే మనిషి చేసే సేవ రోజుకు 24 గంటలు దాటుతోంది. ఎలా సరిచేయాలండీ?

జవాబు 1: ఒకే గంట రెండుచోట్ల పడుతోంది. అన్నం తినిపిస్తూ కనిపెట్టుకుని ఉంటే అది తినిపించడం కిందే రాయాలి. డిమెన్షియా సంరక్షణకు పట్టే సమయాన్ని, వనరుల్ని కొలిచే ఆర్‌యూడీ ప్రశ్నావళిలోలా మూడు పద్దులు పెట్టండి: స్నానం, తిండి ఒకటి, వంట, డబ్బు వ్యవహారాలు ఒకటి, కాపలా ఒకటి. గత 30 రోజులకే అడగండి. వంట ఎలాగూ ఇంటిల్లిపాదికీ చేసేదే, జబ్బువల్ల పెరిగిన సమయమే తీసుకోండి.

జవాబు 2: గంటకు కోల్పోయిన జీతమే వేస్తే రిటైరైన భార్య శ్రమ సున్నా అవుతుంది. అది అన్యాయం. జీతానికి పెట్టుకునే సహాయకురాలి రేటుతోనూ లెక్కకట్టి రెండూ చూపండి.

జవాబు 3: ఈ గంటల్ని మాత్రం వదిలేయకండి. 2019లో ప్రపంచం మొత్తం డిమెన్షియా ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) అంచనా, అందులో దాదాపు సగం ఇంటివాళ్ల సేవ విలువే.