లక్షన్నర రూపాయల్లో జిల్లా పరిషత్ పాఠశాలకు 10 లినక్స్ సిస్టంలు: ఏవి కొనాలి?

ప్రశ్న: పల్లెలెక్కలు

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ గది బాధ్యత కూడా నాదే అయింది. మా బడిలో పాతికేళ్ల క్రితం పదో తరగతి చదివిన పూర్వ విద్యార్థులు తమ సమ్మేళనంలో పోగుచేసిన 1,50,000 రూపాయలను కంప్యూటర్లకే వాడాలన్న షరతుతో ఇచ్చారు. టౌనులో విచారిస్తే, విండోస్ వేసిన కొత్త సిస్టం మానిటర్‌తో కలిపి 30 వేలకు తక్కువ రాదన్నారు. ఆ లెక్కన ఐదే వస్తాయి. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కో సిస్టం ముందు ఎనిమిది మందిని నిలబెడితే మౌస్ పట్టుకున్నవాడు తప్ప మిగిలినవాళ్లందరూ ప్రేక్షకులే అవుతారు. అందుకే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకుని కనీసం 10 సిస్టంలు సమకూర్చుకోవాలని అనుకుంటున్నాను.

ఇప్పుడు మా దగ్గర పాత ల్యాబ్ నుంచి మిగిలిన 18.5 అంగుళాల మానిటర్లు ఆరు ఉన్నాయి. అవన్నీ వీజీఏ తీగ పెట్టేవే. గదికి 850 వీఏ ఇన్వర్టర్ ఉంది. మధ్యాహ్నం పూట కరెంటు తరచుగా పోతుంది. ఇంటర్నెట్ హెడ్మాస్టర్ గారి గది దాటి రాదు. పిల్లలకు నేర్పాలనుకుంటున్నవి తెలుగు, ఇంగ్లీషు టైపింగ్, లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా, బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్, తొమ్మిది, పది తరగతుల వారికి కొంత పైథాన్ ప్రోగ్రామింగ్. సెకండ్‌హ్యాండ్ సిస్టంలు కొనవచ్చా, లేక రాస్ప్‌బెరీ పై లాంటి చవకైన బుల్లి కంప్యూటర్లు మేలా? ఏ లినక్స్ వేయాలి? అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మరొకటి ఉంది. వచ్చే బదిలీల్లో నేను వెళ్లిపోతే, నా తర్వాత వచ్చే ఉపాధ్యాయునికి లినక్స్ పరిచయం లేకపోయినా ఈ గది నడవాలి.

జవాబు: పాతసామాను

మాస్టారూ, ఆఫీసుల నుంచి వచ్చే పాత సిస్టంలను బాగుచేసి అమ్మే పనిలో సికింద్రాబాద్‌లో చాలాకాలంగా ఉన్నాను. కాబట్టి సెకండ్‌హ్యాండ్ వైపు నాకు మొగ్గు ఉందన్న సంగతి తెలిసే చదవండి. మీ బడ్జెట్‌కు ఇది అనుకూలమైన సమయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లనే ఒప్పుకుంటుంది. అందువల్ల ఏ లోపమూ లేని ఆరో తరం, ఏడో తరం సిస్టంలను కంపెనీలు గుంపులుగా వదిలించుకుంటున్నాయి. విండోస్‌కు పనికిరావన్న ఆ సిస్టంలు లినక్స్‌కు ఇంకా కొన్నేళ్లపాటు నిక్షేపంగా పనిచేస్తాయి.

వాటిలోనూ పెద్ద క్యాబినెట్‌వి కాకుండా, అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉండే చిన్న పెట్టెలు తీసుకోండి. డెల్ ఆప్టిప్లెక్స్ 7040 మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ2 మినీ, లెనోవో థింక్‌సెంటర్ ఎం700 టైనీ అనే పేర్లతో అడిగితే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎవరైనా చూపిస్తారు. వీటిలో ఎక్కువగా ఐ5-6500టీ లాంటి 35 వాట్ల ప్రాసెసర్ ఉంటుంది. మామూలు పనిలో మానిటర్‌తో కలిపి ఒక్కో సీటుకు 40 వాట్లు దాటడం అరుదు కాబట్టి పది సీట్లకు దాదాపు 400 వాట్లు అవుతుంది. బ్యాటరీ బాగుంటే మీ ఇన్వర్టర్ దాన్ని మోస్తుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే దాన్ని ఆ వైపే ఉంచండి. లేకపోతే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే సిస్టంలన్నీ రీస్టార్ట్ అవుతాయి.

8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీతో ఒక్కోటి తొమ్మిది, పది వేల దగ్గర బేరం కుదరాలి. ఊరిని బట్టి, కొనే సంఖ్యను బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, 4 జీబీతో తెచ్చుకుని తర్వాత వేసుకుందామని అనుకోకుండా దుకాణదారు చేతనే 8 జీబీ వేయించండి. పది కాదు, పదకొండు కొనండి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి అయి ఉండాలన్నది మాత్రం ఎవరెన్ని చెప్పినా వదులుకోకండి. ఒకే మోడల్ అయితే ఒకదాని అడాప్టర్, ర్యామ్, డిస్కు మరొకదానికి సరిపోతాయి. ఒక దానిలో వేసిన లినక్స్‌ను యథాతథంగా మిగిలినవాటిలోకి దించవచ్చు. పదకొండోది స్పేర్‌గా బీరువాలో ఉంటుంది. మీ బదిలీ సమస్యకు నాకు తెలిసిన మందు ఇదే.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. డెల్ అయితే అడాప్టర్ అసలుదా, నకిలీదా అన్నది ముఖ్యం. పిన్ మధ్యలో ఉండే సన్నని సూది ద్వారా సిస్టం తన అడాప్టర్‌ను గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే ఆన్ చేయగానే తెరపై హెచ్చరిక వస్తుంది, ఆపైన ప్రాసెసర్ వేగం తగ్గించుకుని నత్తనడక నడుస్తుంది. కొన్నవారు లినక్స్‌ను తిట్టుకుంటారు గానీ తప్పు అడాప్టర్‌ది. అలాగే ప్రతి సిస్టంలోనూ సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కొత్తది వేయించండి. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునూ సురక్షితం కాదని అడ్డుకుంటుంది. ఈ చిన్న పెట్టెలు కొన్నిటిలో వీజీఏ ఉండదు. అలాంటివైతే మీ ఆరు మానిటర్లకు డిస్‌ప్లే పోర్ట్ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్లు ఆరు అడిగి తీసుకోండి. మిగిలిన నాలుగు మానిటర్లనూ పాతవే కొనుక్కోవచ్చు.

లినక్స్ విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. మింట్ అనే లినక్స్‌లో 22వ వెర్షన్‌ను, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వేయండి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, చూడటానికి విండోస్ అలవాటున్నవారికి కొత్తగా అనిపించదు.

జవాబు: జీపీఐఓ

పాతసామాను గారి సలహాను కాదనను గానీ, రాస్ప్‌బెరీ పై సంగతి ఎవరూ ఎత్తకుండా ముగియకూడదని రాస్తున్నాను. 2020లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 400 కీబోర్డు లోపలే కంప్యూటర్ ఉన్న పరికరం; 4 జీబీ ర్యామ్ ఉంటుంది, బల్బుల వంటివాటిని తీగలతో కలపడానికి 40 పిన్నుల జీపీఐఓ వరుస దాని వెనకవైపే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు పైథాన్‌లో నాలుగు వరుసలు రాసి ఒక ఎల్ఈడీ బల్బును వెలిగించినప్పుడు, ప్రోగ్రాం అంటే తెరపై అక్షరాలు అచ్చువేయడమే కాదని వాడికి అర్థమవుతుంది. ఆ పని ఆఫీసు సిస్టంతో నేరుగా కాదు. వ్యవస్థ అంతా మెమరీ కార్డు మీదే ఉంటుంది కాబట్టి, పాడైతే మరో కార్డు పెట్టుకుంటే చాలు. విద్యుత్తు కూడా చాలా తక్కువ తీసుకుంటుంది.

జవాబు: పాతసామాను

మెమరీ కార్డు గురించి మీరు చెప్పినదాన్నే నేను తిరగేసి చెబుతాను. రాస్తూ ఉండగా కరెంటు పోతే మొదట దెబ్బతినేది ఆ కార్డే. మాస్టారి ఊళ్లో మధ్యాహ్నం కరెంటు పరిస్థితి ఆయనే రాశారు. పైగా రాస్ప్‌బెరీ పై 400కు మైక్రో హెచ్‌డీఎంఐ తీగ కావాలి, వీజీఏ మానిటర్‌కు మళ్లీ కన్వర్టర్ కావాలి, అడాప్టర్ వేరు, కార్డు వేరు. అన్నీ కలుపుకుంటే చవక అన్న మాట నిలవదు. అయితే బల్బు వెలిగించే మాట బాగుంది. డబ్బు మిగిలితే సైన్సు టీచర్ గారి కోసం ఒక రాస్ప్‌బెరీ పై కొనండి, పది మాత్రం వద్దు.

జవాబు: కన్నూరు తెలుగు

ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. మా పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నారు. మీరు అడిగిన ప్రశ్నకు ఒక రాష్ట్రం మొత్తంగా చెప్పిన జవాబు ఇక్కడ కనిపిస్తుంది. 2001లో ఐటీ@స్కూల్ పేరుతో మొదలై 2017లో కైట్ అనే సంస్థగా మారిన ప్రభుత్వ పథకం, ఉబుంటు అనే లినక్స్ ఆధారంగా బడుల కోసమే ఒక లినక్స్‌ను తయారుచేసి ఇస్తోంది. జియోజీబ్రా, పైథాన్ వగైరాలు అందులో ముందే ఉంటాయి, పాఠ్యపుస్తకంలోని అభ్యాసాలు కూడా వాటి మీదే రాసి ఉంటాయి. అందుకే ఉపాధ్యాయుడు మారినా పాఠం ఆగదు.

మన రాష్ట్రాల్లో పుస్తకం ఆ విధంగా లేదు కాబట్టి, ఆ లోటును మీరే కొంత పూరించవలసి ఉంటుంది. తరగతికి ఐదారు పాఠాల చొప్పున, ఏ మెనూలో ఏది తెరవాలో బొమ్మలతో సహా తెలుగులో రాసి, ముద్రించి, గదిలో ఒక ఫైలుగా పెట్టండి. ఇక్కడి ఉన్నత పాఠశాలల్లో 2018 నుంచి లిటిల్ కైట్స్ అనే విద్యార్థి సంఘాలు ఉన్నాయి. ల్యాబ్‌లో చిన్నాచితకా మరమ్మతులు ఆ పిల్లలే చూసుకోవడం నేను చూశాను. మీరూ ఎనిమిదో తరగతి నుంచి నలుగురిని ఎంచుకుని పెన్‌డ్రైవ్‌తో లినక్స్ వేయడం నేర్పితే, మీరు బదిలీ అయినా వాళ్లు ఇంకో రెండేళ్లు ఆ బడిలోనే ఉంటారు. బదిలీలు ఉపాధ్యాయులకే గాని విద్యార్థులకు లేవు కదా!

ఇంటర్నెట్ లేదని దిగులు పడకండి. కోలిబ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక సిస్టంలో వేసి, పాఠాలను ఇంటర్నెట్ ఉన్నచోట ఒకసారి దించుకుంటే, మిగిలిన సిస్టంలు గదిలోని నెట్‌వర్క్ స్విచ్ ద్వారానే బ్రౌజర్‌లో ఆ పాఠాలను తెరుస్తాయి. వెబ్‌సైట్లను ఇంటర్నెట్ లేకుండా చదివించే కివిక్స్‌తో తెలుగు వికీపీడియాను కూడా అలాగే పెట్టుకోవచ్చు.

ప్రశ్న కొనసాగింపు: పల్లెలెక్కలు

అందరికీ ధన్యవాదాలు. చిన్న పెట్టెల వైపే నిర్ణయానికి వచ్చాను. రాస్ప్‌బెరీ పై ఒకటి తీసుకునే సంగతి లెక్క తేలాక చూస్తాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా ఆఫీసులో కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంది, తెలుగు ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఇవి లినక్స్‌లో నడుస్తాయా? పిల్లలకు తెలుగు టైపింగ్ ఏ పద్ధతిలో నేర్పాలి?

జవాబు: ఇన్‌స్క్రిప్ట్

ముందుగా చేదు మాట. ఆ కెనాన్ ప్రింటర్ మన ప్రాంతంలో ప్రతి జెరాక్స్ దుకాణంలోనూ కనిపిస్తుంది గానీ, కంపెనీ లినక్స్‌కు ఇచ్చిన డ్రైవర్ బాగా పాతబడింది. కొత్త లినక్స్‌లో దానిని నడిపించడం ఓపిక ఉన్నవారికే సాధ్యం. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపే ప్రమాణం) కావు కాబట్టి, ఆ ఫైళ్లను లినక్స్‌లోని లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అందుచేత ఆఫీసులోని విండోస్ సిస్టంను, ప్రింటర్‌ను కదపకండి. ల్యాబ్‌లో తయారైనదాన్ని పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి అక్కడ ముద్రించుకోవచ్చు. కొత్త ప్రశ్నపత్రాలను యూనికోడ్‌లోనే టైపు చేయడం మొదలుపెడితే ఈ చిక్కు క్రమంగా తీరుతుంది. మండలి, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

టైపింగ్‌కు భారతీయ భాషలకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. మింట్‌లో కీబోర్డు సెట్టింగుల్లో భారతదేశం కింద తెలుగు లేఅవుట్‌ను చేర్చితే చాలు, ఇంకేమీ వేయనక్కరలేదు. అచ్చులు, గుణింతాలు ఎక్కువగా ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. క అనే మీటనే షిఫ్ట్‌తో నొక్కితే ఖ, పక్కనున్న త మీటను షిఫ్ట్‌తో నొక్కితే థ వస్తాయి. వర్ణమాల తెలిసిన ఆరో తరగతి పిల్లలకు ఈ వరుస ఇట్టే పట్టుబడుతుంది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్న పెద్ద పిల్లలు మొదట విసుక్కుంటారు. వారికోసం ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది. నా మటుకు నేను పిల్లలకు దాన్ని చూపించను. ఇంగ్లీషు స్పెల్లింగు మీదుగా తెలుగు రాయడం వర్ణమాల నేర్చుకుంటున్న వయసులో మంచిది కాదని నా అభిప్రాయం.

స్క్రాచ్ గురించి ఒక సంగతి. దాని అధికారిక డెస్క్‌టాప్ ప్రోగ్రాం లినక్స్‌కు లేదు. టర్బోవార్ప్ అనే ప్రోగ్రాం వేసుకోండి, స్క్రాచ్ ఫైళ్లనే తెరుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. పైథాన్ రాయడానికి థానీ అనే ప్రోగ్రాం సరిపోతుంది.

జవాబు: పాతసామాను

ఒక సిస్టంలో ఇవన్నీ వేసి, ఇంటర్నెట్ తీగ తీసేసి పరీక్షించుకున్న తర్వాతే క్లోనింగ్ మొదలుపెట్టండి. క్లోన్‌జిల్లా అనే డిస్కు ప్రతి తీసే ప్రోగ్రాంతో ఆ డిస్కు ప్రతిని ఒక బయటి హార్డ్‌డిస్కులోకి తీసుకుని, అక్కడి నుంచి మిగిలినవాటిలోకి దించాలి. ప్రతి తీసే ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి, దించిన తర్వాత ఒక్కోదానికి ల్యాబ్01, ల్యాబ్02 అని పేర్లు మార్చండి. లేకపోతే పదీ ఒకే గుర్తింపుతో నెట్‌వర్క్‌లోకి వచ్చి తికమక పెడతాయి.

విద్యార్థి ఖాతాకు అడ్మిన్ అధికారం ఇవ్వకండి. చిన్న తరగతులకు లాగిన్ సెట్టింగుల్లో అతిథి సెషన్‌ను తెరిచి ఉంచితే, వాళ్లు వాల్‌పేపర్ మార్చినా, ప్యానెల్‌ను చెరిపేసినా లాగౌట్ కాగానే అంతా మొదటిలాగే అవుతుంది. ఫైళ్లు దాచుకోవలసిన తొమ్మిది, పది తరగతులకు మాత్రం విడి ఖాతాలు పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డును హెడ్మాస్టర్ గారి బీరువాలో కవరులో ఉంచి, ఆ బయటి హార్డ్‌డిస్కును కూడా స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి. రిజిస్టర్‌లో లేని వస్తువుకు ఛార్జి అప్పగింతలో దిక్కుండదని మీకు నేను చెప్పనక్కరలేదు.