తెలుగు పీడీఎఫ్‌లను ఎన్‌వీడీఏ సరిగా చదవడం లేదు: వినదగ్గ పాఠంగా మార్చే దారేది?

ప్రశ్న: లైబ్రరీ డెస్క్

అందరికీ నమస్కారం. మాది డిగ్రీ కాలేజీ గ్రంథాలయం. ఈ ఏడాది బొత్తిగా చూపు లేని విద్యార్థులు ముగ్గురు, తక్కువ చూపు ఉన్నవాళ్లు ఇద్దరు చేరారు. తెలుగు మాధ్యమం, చరిత్ర, రాజనీతి శాస్త్రం. విండోస్ 11 కంప్యూటర్లు రెండు, ఎ4 ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి ఉన్నాయి. రెండిట్లోనూ ఎన్‌వీడీఏ (తెరమీది పాఠాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) వేశాం. విడిగా డబ్బు పెట్టే పరిస్థితి లేదు.

మా దగ్గర నలభై దాకా తెలుగు పీడీఎఫ్‌లున్నాయి. కొన్నిటిని ఎన్‌వీడీఏ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిపి ఏదేదో చదువుతోంది. కొన్నిటిలో పత్రం ఖాళీగా ఉందంటోంది. ఇంకొన్ని తెలుగులోనే చదువుతోంది గానీ వత్తులు పోతున్నాయి, ‘రాజ్యాంగం’ కాస్తా ‘రాజాయంగం’ అని వినిపిస్తోంది. తెరమీద మూడు రకాలూ చక్కగానే కనిపిస్తున్నాయి. అన్నిటికీ ఒకటే మందు ఉందా? పరీక్షలకు మూడు నెలలే ఉంది.

జవాబు: చుక్కలలిపి

లైబ్రరీ డెస్క్ గారూ, ఒకటే మందు లేదండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ముందు ఫైళ్లను మూడు ఫోల్డర్లుగా విడదీయండి, సగం పని అక్కడే తేలిపోతుంది.

పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్‌లో ఒక పేరా ఎంచుకొని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అసలు ఏదీ ఎంపిక కాకపోతే అది బొమ్మల పీడీఎఫ్, అంటే పేజీలను ఫొటో తీసి కుట్టినది. నెత్తిన గీతలు, టోపీలు పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు పడితే పాత డీటీపీ ఫాంటు. తెలుగే పడి వత్తులు చెదిరితే యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతిలో) టైపు చేసినదే గానీ పీడీఎఫ్ చేసేటప్పుడు పాడయింది. అనుమానం ఉంటే అడోబ్ రీడర్‌లో కంట్రోల్, డి నొక్కి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. గౌతమి, నిర్మల, నోటో లాంటి పేర్లుంటే యూనికోడ్. అను, శ్రీ-టెల్ లాంటివి కనిపిస్తే పాత ఫాంటు. జాబితా ఖాళీగా ఉంటే బొమ్మ.

మూడో రకం ఎందుకు చెడుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది అందరూ ఎన్‌వీడీఏ తప్పనుకుంటారు. యూనికోడ్‌లో వత్తుకు విడిగా కోడ్ లేదు. పొల్లు, దాని వెనక హల్లు, ఈ రెండూ కలిస్తేనే వత్తు. పీడీఎఫ్‌లో మాత్రం దాచేది అక్షరాలను కాదు, వాటి ఆకారాలను. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి పక్కన ఉంటుంది. య-వత్తు ఆకారానికి ఎదురుగా ఆ పట్టికలో ఉత్త ‘య’ అని రాసి ఉంటే పొల్లు మాయమవుతుంది. పైగా ‘జా’ ఆకారం ముందు, వత్తు ఆకారం తర్వాత ఉంటాయి కాబట్టి వరస కూడా తారుమారై ‘రాజాయ’ అవుతుంది. కన్ను ఆకారాన్ని చూస్తుంది, ఎన్‌వీడీఏ పట్టికను చదువుతుంది. అసలు వర్డ్ ఫైలు దొరికితే పీడీఎఫ్‌ను పక్కన పడేసి ఆ ఫైలే పిల్లలకు ఇవ్వండి. దొరక్కపోతే బొమ్మగా భావించి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయడమే మేలు. చెదిరిన వత్తులను చేత్తో సరిచేస్తూ కూర్చుంటే మూడు నెలలు దానికే పోతాయి.

గొంతు సంగతి. ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ నొక్కితే సింథసైజర్ల (గొంతునిచ్చే సాఫ్ట్‌వేర్ల) జాబితా వస్తుంది, అందులో ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. తర్వాత ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కి వాయిస్ దగ్గర తెలుగు పెట్టండి. యంత్రం గొంతే, మొదటి వారం విసుగనిపిస్తుంది. కానీ ఇంటర్నెట్ అక్కర్లేదు, మీట నొక్కగానే పలుకుతుంది, ఎంత వేగంలో పెట్టినా మాట ముక్కలవదు. కొత్తవాళ్లకు రేటు 35, 40 దగ్గర మొదలుపెట్టి వారానికి ఐదు చొప్పున పెంచండి. సహజమైన గొంతు కావాలంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్‌కు శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి. వాటికి నెట్ ఉండాలి. అక్షరం అక్షరంగా, గుణింతం గుణింతంగా వెనక్కీ ముందుకీ వెళ్లి చదువుకోవడానికి మాత్రం ఎన్‌వీడీఏనే నయం. చదువుకునేవాళ్లకు కావలసింది అదే.

జవాబు: పేజ్‌మేకర్ బల్ల

పాత ఫాంటు రకం గురించి నేను చెప్తాను. ఈ ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గూడు, కొమ్ము ఒక గూడు, వత్తు ఒక గూడు. అచ్చుకు అదేం అడ్డం కాదు, చదివే యంత్రానికి మాత్రం అది తెలుగే కాదు. అను నుంచి యూనికోడ్‌కు, శ్రీలిపి నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే ఏది వాడినా మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, వెర్షన్. ఒకే కంపెనీ ఫాంటుకు ఒక వెర్షన్‌లో ఉన్న గూడు ఇంకో వెర్షన్‌లో ఉండకపోవచ్చు. ఒక పేరా మార్చి చూడండి. ఎప్పుడూ అదే అక్షరం తప్పు పడుతుంటే వెర్షన్ తేడా అన్నమాట, కన్వర్టర్‌లో ఇంకో వెర్షన్ ఎంచుకోండి.

రెండోది, మధ్యలో వచ్చే ఇంగ్లిష్. ‘ఆర్టికల్ 370’ లాంటి చోట్ల, కంపెనీల పేర్ల చోట్ల అసలైన ఇంగ్లిష్ అక్షరాలను కూడా తెలుగు ఆకారాలనుకొని కన్వర్టర్ మార్చేస్తుంది. ఉత్త టెక్స్ట్ తీసుకుంటే ఏది ఏ ఫాంటులో ఉందో తెలిసే దారి ఉండదు. అందుకే పుస్తకాన్ని కంపోజ్ చేసిన పేజ్‌మేకర్ ఫైలు దొరికితే ఫాంటు వివరాలు పోకుండా ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయించి, వర్డ్‌లో పాత ఫాంటు ఉన్న ముక్కలను మాత్రమే మార్చాలి.

మూడోది, పీడీఎఫ్ లోపల ఫాంటును కుదించి పెట్టినప్పుడు గూళ్ల నంబర్లే మారిపోతాయి. అలాంటి ఫైలు నుంచి కాపీ చేసినది ఏ కన్వర్టర్‌కూ లొంగదు. రెండు వెర్షన్లు ప్రయత్నించి కుదరకపోతే ఇక తంటాలు పడొద్దు, ఓసీఆర్‌కు పంపేయండి.

అన్నిటికంటే ముందు ప్రచురణకర్తకో, పుస్తకం కంపోజ్ చేసిన డీటీపీ సెంటర్‌కో ఫోన్ చేయండి. ‘పుస్తకం పంపండి’ అని కాదు, ‘పేజ్‌మేకర్ ఫైలూ, వాడిన ఫాంటు పేరూ వెర్షనూ చెప్పండి’ అని అడగండి. ఏం కావాలో సరిగ్గా చెబితే పది నిమిషాల్లో పంపగలరు. కొత్తగా వేసే పుస్తకమైతే ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టి యూనికోడ్ ఫాంటుతోనే చేయమని పట్టుబట్టండి.

జవాబు: స్కాన్ గది

ఓసీఆర్ భాగం నాది. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, ఆర్ నొక్కితే వచ్చే విండోస్ ఓసీఆర్ మీద ఆశ పెట్టుకోకండి, అందులో తెలుగు లేదు. మీకు ఉచితంగా రెండు దారులున్నాయి.

గూగుల్ డ్రైవ్ మొదటిది. పీడీఎఫ్‌ను పది పేజీల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క 2 ఎంబీ లోపు ఉండేలా చూసి డ్రైవ్‌లో పెట్టండి. ఫైలు మీద కుడి నొక్కు నొక్కి ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే పాఠం వస్తుంది. తెలుగుకు ఫలితం బాగుంటుంది. పట్టికలు మాత్రం కుప్పకూలతాయి, వాటిని చేత్తో వేసుకోవాలి.

రెండోది టెసెరాక్ట్. నెట్ లేకుండా మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు భాషల జాబితాలో తెలుగుకు టిక్ పెట్టడం మరిచిపోతే తర్వాత భాష దొరకలేదని తప్పు చూపిస్తుంది. పుస్తకంలో ఇంగ్లిష్ కలిసి ఉంటే రెండు భాషలూ కలిపి ఇవ్వండి. పేజీ అంతా ఒకే దిమ్మగా ఉంటే పేజీ విభజన సెట్టింగు (psm) 6, రకరకాల అక్షరాల సైజులతో ఒకే కాలమ్ ఉంటే 4.

స్కాన్ నాణ్యతే సగం ఫలితం. 300 డీపీఐ, గ్రే స్కేల్. అక్షరాలు చిన్నవైతే 400. నలుపు తెలుపు మోడ్‌లో స్కాన్ చేయకండి, పల్చటి పొట్ట గీతలూ చుక్కలూ అక్కడే ఎగిరిపోతాయి. ‘ప’కూ ‘ఫ’కూ, ‘ద’కూ ‘ధ’కూ ఉన్న తేడా ఆ చిన్న గీతే కదా! పుస్తకం తెరిచి రెండు పేజీలు ఒకేసారి పెడితే మధ్య మడత దగ్గర వరస వంగుతుంది. స్కాన్‌టెయిలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేజీలను రెండుగా కోసి, వంకర సరిచేసి, అంచుల నల్లటి నీడలు తీసేస్తుంది. ఆ పని చేశాకే ఓసీఆర్‌కు ఇవ్వండి.

మళ్లీ ప్రశ్న: లైబ్రరీ డెస్క్

అందరికీ కృతజ్ఞతలు. ఫోల్డర్లు విడదీశాం. బొమ్మలు పందొమ్మిది, పాత ఫాంటువి పద్నాలుగు, చెదిరినవి ఏడు. ఒక అధ్యాయం ఓసీఆర్ చేసి వినిపిస్తే రెండు ఇబ్బందులు వచ్చాయి. మాట మధ్యలో ‘సున్నా’ అని వినిపిస్తోంది. ప్రతి వరస చివరా ఆగిపోతోంది. ఇంకో మాట, తక్కువ చూపున్న ఇద్దరికి 24 సైజులో ముద్రించి ఇస్తే కింది వత్తులు కోసుకుపోయాయి. ఏం చేయాలండి?

జవాబు: చుక్కలలిపి

మాట మధ్య సున్నా అంటే అది నిజంగానే అంకె. అనుస్వారం ‘ం’, తెలుగు అంకె ‘౦’, మామూలు ‘0’, మూడూ కంటికి ఒకటే. ఓసీఆర్ ఒకదాని బదులు ఇంకొకటి పెడుతుంది, టైపు చేసేవాళ్లు కూడా పెడతారు. బ్రెయిలీకి పంపితే ఇంకా చేటు. అనుస్వారానికి 5, 6 చుక్కలు పడాల్సిన చోట మాట మధ్యలో అంకె గుర్తు వచ్చి పడుతుంది, వేలు అక్కడే తడబడుతుంది.

పుస్తకంలో తెలుగు అంకెలు వాడలేదని చూసుకొని, ‘౦’ అన్నిటినీ ఒకేసారి ‘ం’ చేసేయండి. మామూలు 0ని అలా మార్చకూడదు, సంవత్సరాలన్నీ పోతాయి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టి, వెతికే చోట ([అ-ౌ])0 అనీ, మార్చే చోట \1ం అనీ ఇస్తే తెలుగు అక్షరం వెంటనే వచ్చిన సున్నాలే మారతాయి. విసర్గ కూడా చూడండి. ‘దుఃఖం’ బదులు కోలన్‌తో ‘దు:ఖం’ అని ఉంటే గొంతు మాటను రెండు ముక్కలు చేస్తుంది. అక్షరాల మధ్య ఖాళీ లేకుండా వచ్చిన కోలన్‌లను వెతికి విసర్గ పెట్టండి.

వరస చివర ఆగడానికి కారణం, ఓసీఆర్ ప్రతి వరసనూ పేరాగా ముగించడం. వర్డ్‌లో మూడు అడుగులు: వరసగా రెండు పేరా గుర్తులున్న చోట ఎక్కడా లేని ఒక గుర్తు, ఉదాహరణకు ###, పెట్టండి. మిగిలిన పేరా గుర్తు ఒక్కోదాని బదులు ఒక స్పేస్ పెట్టండి. చివరికి ### ను మళ్లీ పేరా గుర్తు చేయండి. వరస చివర విరిగిన మాటలు అప్పుడు బయటపడతాయి, వాటిని చదువుతూ కలపాలి.

తర్వాత మొత్తం ఎంచుకొని రివ్యూలో ప్రూఫింగ్ భాష తెలుగు అని పెట్టండి. ఇది వదిలేస్తే, భాష మారినప్పుడు గొంతును మార్చే ఏర్పాటు ఎన్‌వీడీఏలో ఉన్నా పనిచేయదు. అధ్యాయం పేరుకు హెడింగ్ 1, లోపలి శీర్షికలకు హెడింగ్ 2. ఉత్తగా అక్షరాలు లావు చేస్తే చెవికి ఏమీ తెలియదు. హెడింగ్ ఉంటే ఇన్సర్ట్, స్పేస్ నొక్కి బ్రౌజ్ మోడ్‌లోకి వెళ్లి హెచ్ నొక్కుకుంటూ అధ్యాయాలు దూకొచ్చు. అచ్చు పుస్తకంలోని పేజీ నంబరు కూడా ప్రతి పేజీ మొదట ఉంచండి, తరగతిలో ‘84వ పేజీ తీయండి’ అంటే వాళ్లూ తీయగలగాలి.

తప్పులు దిద్దేటప్పుడు ‘మ’, ‘వు’ తారుమారు, ‘ఘ’, ‘ఫు’ తారుమారు, ‘ర’, ‘ఠ’ తారుమారు ముందు వెతకండి. పేర్లూ సంవత్సరాలూ అచ్చు పుస్తకంతో ఒక్కొక్కటీ పోల్చాలి. మామూలు మాట తప్పయితే విన్నవాళ్లు సర్దుకుంటారు. 1857 కాస్తా 1357 అయితే ఎవరికీ తెలియదు, పరీక్షలో అదే రాస్తారు.

జవాబు: పేజ్‌మేకర్ బల్ల

వత్తులు కోసుకుపోవడం వరసల మధ్య దూరం వల్ల. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉన్నట్టుంది. దాన్ని ‘మల్టిపుల్’ చేసి 1.5 ఇవ్వండి. తెలుగులో అక్షరం కింద రెండు అంతస్తుల వత్తులు రావచ్చు, ఇంగ్లిష్‌కు సరిపోయే దూరం మనకు చాలదు. గీత మందం ఒకేలా ఉండే నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు నయం. ఎడమ వైపు మాత్రమే సమం చేయండి, రెండు వైపులా సర్దితే మాటల మధ్య సందులు పెరిగి వరస తప్పుతారు. మెరుపులేని కాగితం వాడండి. అయితే ముద్రించేముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి 18, 24, 28 సైజుల్లో ఒక్కో పేజీ ఇచ్చి అడగండి. చూపులో మధ్య భాగం పోయినవాళ్లకు పెద్దక్షరాలు సాయపడతాయి. చుట్టూ పోయి గొట్టంలోంచి చూసినట్టుండేవాళ్లకు సైజు పెంచితే ఒక మాట కూడా చూపులో పట్టదు. తెరమీదైతే విండోస్ మీట, ప్లస్ నొక్కి మాగ్నిఫయర్ తెరిచి, కంట్రోల్, ఆల్ట్, ఐ తో నలుపు మీద తెలుపు చేసుకోవచ్చు.

జవాబు: స్కాన్ గది

ఒకటి మిగిలింది. కాపీరైటు భయంతో ఆగకండి. 2012 సవరణతో కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్‌కు చేరిన జెడ్‌బీ క్లాజు, వైకల్యం ఉన్నవాళ్ల చదువు కోసం, లాభాపేక్ష లేకుండా, పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చడానికి అనుమతిస్తోంది. ఫైళ్లు ఆ ఐదుగురికే అందేలా చూసుకోండి, కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

మొదలుపెట్టే ముందు 2016లో వచ్చిన సుగమ్య పుస్తకాలయలో (అచ్చు చదవలేనివాళ్ల కోసం పెట్టిన ఆన్‌లైన్ గ్రంథాలయంలో) మీ నలభై పేర్లూ వెతకండి. అక్కడున్నవి మళ్లీ చేయక్కర్లేదు. మిగిలినవాటిలో మొదట పాత ఫాంటు పద్నాలుగిటికి డీటీపీ ఫైళ్లు అడగండి, వాళ్ల నుంచి జవాబు వచ్చేలోగా బొమ్మల పుస్తకాల ఓసీఆర్ నడిపించండి. అధ్యాయం పూర్తయినప్పుడల్లా ఇచ్చేయండి, పుస్తకం మొత్తం అయ్యేదాకా ఆపొద్దు. తప్పు దొరికినచోట పేజీ నంబరు చెప్పమని ఆ విద్యార్థులనే అడగండి. ఎక్కువగా పట్టేది వాళ్ల చెవులే.