బాస్కెట్‌బాల్‌లో పదేళ్ల పిల్లలకు ముందు ఆగడం నేర్పాలా, షూటింగ్ నేర్పాలా?

ప్రశ్న:
తొమ్మిది, పదేళ్ల పిల్లల బ్యాచ్ చూస్తున్నాను. పరుగులో బంతి అందుకోగానే ఆగలేక ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా ఎక్కువ అడుగులు వేసే తప్పు) చేస్తున్నారు. ఆగినా మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయి. తల్లిదండ్రులేమో షూటింగ్ ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతున్నారు. ఏది ముందండీ?

జవాబు 1:
ఆగడమే ముందు. చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలకే నేర్పుతున్నాను, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కొన్నాళ్లు బంతి పక్కన పెట్టండి. మెల్లగా పరుగు, విజిల్ వినగానే జంప్ స్టాప్. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాలి, భుజాలంత ఎడం ఉండాలి. కుర్చీలో కూర్చోబోతున్నట్టు తుంటి వెనక్కి పోవాలి, తల పైకి ఉండాలి. మోకాలు పాదం వేళ్ల వైపే వంగుతోందా అన్నది ఎదురుగా నిలబడి చూడండి, పక్క నుంచి కనబడదు. ఇవన్నీ పిల్లలకు ఒకేసారి చెప్పకండి. "చప్పుడు లేకుండా దిగు" అనండి చాలు, చాలామందికి మోకాళ్లు వాటంతటవే వంగుతాయి.

తర్వాత పివట్, అంటే ఒక పాదాన్ని నేల మీద ఉన్నచోటే ఉంచి రెండో పాదంతో తిరగడం. బంతిని గాలిలో అందుకుని రెండు పాదాలతో ఒకేసారి దిగితే ఏ పాదాన్నైనా పివట్‌గా వాడుకోవచ్చు. అందుకే రెండు వైపులా చేయించండి.

జవాబు 2:
ఒప్పుకుంటాను, కానీ వరసలో నిలబెట్టి చేయిస్తే పిల్లలు విసిగిపోతారు. ముట్టుకునే ఆట పెట్టి, మధ్యలో విజిల్ వేయండి. షూటింగ్ మొదలయ్యాక 5వ సైజు బంతి, 2.60 మీటర్ల ఎత్తున్న రింగ్ వాడండి. పెద్దలు ఆడే 3.05 మీటర్ల ఎత్తు రింగ్‌కు వేయాలంటే ఒళ్లంతా మెలితిప్పుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఒకరిద్దరికి ఎంత చెప్పినా మోకాళ్లు వాలుతూనే ఉన్నాయి?

జవాబు 1:
వాళ్లకు వేగం తగ్గించండి. నడకలోంచి ఆగమనండి. నొప్పి అంటే మాత్రం ఆట ఆపి డాక్టర్‌కు చూపించమని ఇంట్లో చెప్పండి.