రాతిపొరకు ఈడు అనొచ్చా?

మా బడి గోడపత్రికకు, మనుషుల పూర్వీకురాలిగా చెప్పే ‘లూసీ’ అనే పాత ఎముకలగూడు గురించి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయినాను. ‘లూసీ ఎముకల వయసు 32 లక్షల ఏళ్లని లెక్కకట్టారు’ అని రాసి, మళ్లీ చదివితే తప్పనిపించింది. లెక్క కట్టింది ఎముకలకు కాదు. 1974లో ఇథియోపియాలోని హడార్‌లో అవి దొరికిన మట్టికి కిందా పైనా ఉన్న అగ్నిపర్వతపు బూడిదకు. కరిగిన రాయిలో ఉన్న ఆర్గాన్ వాయువు బయటికి పోతుంది. చల్లారి గట్టిపడ్డాక, లోపలి పొటాషియంలో ఒక రకం మెల్లమెల్లగా ఆర్గాన్‌గా మారి ఆ స్ఫటికాల్లోనే చిక్కుకుంటుంది. ఎంత పోగైందో కొలిస్తే బూడిద ఎప్పుడు పడిందో తెలుస్తుంది.

పుస్తకాల్లో దీన్నంతా ‘కాలనిర్ణయం’ అంటాం. నాకు అందులో రెండు పనులు కలిసిపోయినట్టుంది. బూడిదకు కట్టేది వయసు. ఎముకకు చెప్పేది ఈడు. ‘వాడు మా పెద్దోని ఈడోడు’ అంటాం కదా, పుట్టిన ఏడు తెలియకపోయినా ఎవరి పక్కన నిలబెట్టాలో తెలుసు.

మొన్న పెరట్లో కరివేపాకు మొక్కకు గుంత తీస్తుంటే జానెడు లోతులో ఒండ్రు చార కనపడింది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లోకి వచ్చిన మట్టి. దాని కింద పచ్చ గాజుముక్క. అది ఏ ఏటిదో మా అమ్మకూ గుర్తులేదు, వరదకు ముందుదని మాత్రం ఇద్దరికీ తెలుసు. అయితే ఎలుక బొక్కలోంచి కిందికి జారలేదని చూసుకున్నాకే ఆ మాట అనాలి.

ఇది చదివి అనంతపురం నుంచి ఒక అక్క అడిగింది: సార్, ఈడు ప్రాణమున్న వాటికే కదా? ఎద్దు పండ్లు చూసి రెండు పండ్లదా, నాలుగు పండ్లదా అని ఈడు చెప్తాం. రాయికి ఎట్ల చెప్తాం?

నా జవాబు: నిజమే అక్కా, రాయికి వద్దు. కానీ మీరన్న పండ్లే ఒక పెద్ద తగాదా తీర్చినాయి. కెన్యాలో తుర్కానా సరస్సు తూర్పు గట్టున 1972లో ఒక పుర్రె దొరికింది. దాని పైనున్న బూడిదకు అప్పటికే 26 లక్షల ఏళ్లని లెక్క వచ్చి ఉంది. అదే పొరల్లోని పందుల దవడ పండ్లు చూస్తే, ఇథియోపియాలోని ఓమోలో సుమారు 20 లక్షల ఏళ్ల నాటి పొరల్లో దొరికిన పందుల పండ్లకు సరిపోయినాయి. కాలం గడిచేకొద్దీ ఆ పందుల వెనక పండ్లు పొడుగవుతూ వచ్చినాయి, అందుకే పోల్చడం కుదిరింది. బూడిదను మళ్లీ పరీక్షిస్తే దాదాపు 18 లక్షల 80 వేల ఏళ్లే తేలింది. వయసు లెక్క తప్పిందని ఈడు చెప్పింది. అందుకే ఈ మాటను వదులుకోవాలని లేదు నాకు.

బనగానపల్లె నుంచి ఒక తమ్ముడు: అన్నా, మన జ్వాలాపురం ఊళ్లో దొరికిన బూడిద సంగతేంది?

నా జవాబు: అది సుమత్రాలోని తోబా అగ్నిపర్వతానిది తమ్ముడూ, సుమారు 74 వేల ఏళ్ల కిందట పడింది. ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికినాయి. బూడిదకు వయసుంది, పనిముట్లకు దానితో ముందువెనకలున్నాయి. అక్క అన్నట్టు వాటికి ప్రాణం లేదు కాబట్టి, అక్కడ ‘బూడిదకు ముందటివి, తర్వాతవి’ అని రాస్తా. లూసీకి మాత్రం ‘32 లక్షల ఏళ్ల కిందటి బూడిద ఈడుది’ అనే రాస్తున్నా.